1948ని యూదు సమాజం మరిచిపోయిందా, మరపించారా? (చర్చ)

పాతపుస్తకం

మిత్రులారా, ఇజ్రాయెల్ తొలి సంవత్సరాల్లో వెలువడిన హీబ్రూ సాహిత్యాన్ని కొంతకాలంగా అనువాదాల్లో చదువుతున్నాను. 1948 యుద్ధంలో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్లు, పొలాలు, తోటలు కోల్పోయారు. అరబ్బులు 'నక్బా', అంటే మహావిపత్తు, అని పిలుచుకునే ఆ ఘటనను యూదు సమాజం మొదటి రోజు నుంచే మూతపెట్టి దాచిందనీ, 1980ల చివర బెన్నీ మోరిస్, అవి ష్లాయిమ్, ఇలాన్ పాపె వంటి 'కొత్త చరిత్రకారులు' వచ్చి ఆ మూత తీశారనీ ఇంతకాలం అనుకుంటూ వచ్చాను. చదివేకొద్దీ ఆ అభిప్రాయం నిలవడం లేదు.

యిజ్హార్ అనే రచయిత ఆ యుద్ధంలో గూఢచార విభాగపు అధికారిగా పనిచేశాడు. ఒక ఊరిని ఖాళీ చేయించి, ఆడవాళ్లను, ముసలివాళ్లను, పిల్లలను లారీలెక్కించి సరిహద్దు దాటించిన సైనికుల కథను అతను 'ఖిర్బెత్ ఖిజె' అన్న పేరుతో రాశాడు. ఊరు కల్పితమే. కానీ కథ అచ్చయింది 1949లో, అంటే యుద్ధం ముగిసీ ముగియక ముందే. అందులో కథ చెప్పే సైనికుడికి, ప్రవాసం అన్న మాటను తన జాతి రెండు వేల ఏళ్లుగా మోస్తూ వచ్చిందనీ, ఆ ప్రవాసాన్ని ఇప్పుడు తన చేతులే మరొకరికి పంచుతున్నాయనీ తోస్తుంది. ఈ కథ రాసినందుకు రచయితను ఎవరూ వెలివేయలేదు. అతను అదే సంవత్సరం తొలి ప్రధాని బెన్-గురియన్ పార్టీ తరఫున పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1960లలో ఆ కథ పాఠ్యప్రణాళికలోకి కూడా వెళ్లింది.

అంతకు ముందే, 1948 నవంబరులో, కవి నతాన్ ఆల్టర్మన్ తమ సైనికుల దుశ్చర్యను నిలదీస్తూ 'దావర్' పత్రికలో కవిత రాశాడు. బెన్-గురియన్ దాన్ని అచ్చువేయించి సైన్యంలో పంచిపెట్టించాడు. అదే నెలలో వ్యవసాయ మంత్రి అహరోన్ జిస్లింగ్, సైనికుల చేష్టల వార్తలు విని రాత్రంతా నిద్రపట్టలేదని మంత్రివర్గ సమావేశంలోనే చెప్పాడు.

మంత్రివర్గానికి తెలుసు, కవికి తెలుసు, కథకుడికి తెలుసు, బడిపిల్లలకూ చెప్పారు. అలాంటప్పుడు ఆ విషయం ఎలా మరుగున పడింది? అసలు దీనిని 'అణచివేసిన జ్ఞాపకం' అనవచ్చునా? సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

గోదారిగట్టు

మంచి ప్రశ్న వేశారు. తెలిసినదాన్ని మరిపించాలంటే దానిని నిషేధించనవసరం లేదని, అది కంటికి ఆనే చోట్లను మార్చివేస్తే చాలునని నేను అనుకుంటాను. అక్కడ జరిగినదీ అదే. జనం ఖాళీ అయిన ఊళ్లు నాలుగు వందలకు పైచిలుకు. వాటిలో చాలావాటిని యుద్ధం జరుగుతుండగానో, ఆ తరువాతి సంవత్సరాల్లోనో నేలమట్టం చేశారు. 1949లో నెగెవ్ ఎడారి ప్రాంతపు అరబ్బీ పేర్లకు బదులు హీబ్రూ పేర్లు నిర్ణయించడానికి బెన్-గురియన్ ఒక సంఘాన్ని వేశాడు. ఆ పని తరువాత దేశమంతటికీ విస్తరించింది. సఫూరియా త్సిపోరి అయింది, లూబియా పక్కన లావి అనే కిబ్బుట్జ్ (సమష్టి వ్యవసాయ క్షేత్రం) వెలిసింది. పేరు మారాక పటం మారింది. ఆ పటాన్ని చూసి పెరిగిన పిల్లవాడు పాత పేరు ఎందుకు అడుగుతాడు?

ఆ తరువాత చెట్లు. యూదు జాతీయ నిధి అనే సంస్థ శిథిలాల మీద, మెట్ల పొలాల మీద దేవదారు జాతి చెట్లు నాటించింది. లూబియా మీద పెరిగిన అడవికి దక్షిణాఫ్రికా అడవి అని పేరు, ఎందుకంటే అక్కడి యూదులు చందాలిచ్చారు. ఆ సంస్థ చందాల నీలిరంగు డబ్బాలో చిల్లరడబ్బులు వేసిన అక్కడి యూదు పిల్లలకు తాము ఎడారిని పచ్చగా మారుస్తున్నామనే తెలుసు. వారిలో కొందరు పెద్దవారై, 2015లో ఆ అడవికి వెళ్లి, లూబియా వాసులను క్షమాపణ అడిగారు.

ఒక్క మొక్క మాత్రం ఈ ఏర్పాటుకు లొంగలేదు. పాలస్తీనా పల్లెల్లో ఇళ్లకూ దొడ్లకూ నాగజెముడును కంచెగా పెంచేవారు. ఇళ్లు కూలినా, పైన అడవి లేచినా, నాగజెముడు వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. అడవిలో వరుసగా నాగజెముడు కనబడితే అక్కడ ఒక ఊరు ఉండేదని గుర్తు. ఆ నాగజెముడు పేరుతోనే, ఆ గడ్డ మీద పుట్టిన యూదులు తమను 'సబ్రా' అని పిలుచుకోవడం మరీ విచిత్రం.

మాటవరస

ఏ.బి. యెహోషువా 1963లో రాసిన అడవి కాపలాదారు కథ కూడా దీని గురించే కదా. అందులో నాలుక తెగిన అరబ్బు అడవికి నిప్పు పెడితే, కింద ఊరి ఆనవాళ్లు బయటపడతాయి. రచయితలకు ఎప్పుడూ తెలుస్తూనే ఉంది.

విజయవిహారి

చర్చ ఒకే వైపుకు ఒరుగుతున్నందువల్ల ఈ నాలుగు మాటలు రాయవలసి వస్తోంది. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి విభజన తీర్మానాన్ని యూదు నాయకత్వం ఒప్పుకుంది, అరబ్ నాయకత్వం తిరస్కరించింది. 1948 మేలో పొరుగు అరబ్ దేశాల సైన్యాలు దండెత్తాయి. మే 13న క్ఫార్ ఎత్సియోన్‌లో లొంగిపోయిన యూదులను చంపారు. అదే నెలలో జెరూసలేం పాత నగరంలోని యూదుల వాడ మొత్తం ఖాళీ అయింది. ఆ తరువాతి రెండు మూడు దశాబ్దాల్లో ఇరాక్, యెమెన్, ఈజిప్టు, మొరాకో వంటి దేశాల నుంచి దాదాపు ఎనిమిది లక్షల మంది యూదులు కదిలి వచ్చేశారు. వారిలో చాలామంది ఆస్తులన్నీ వదులుకుని వచ్చినవారే. ఐరోపాలో అరవై లక్షల మందిని పోగొట్టుకుని మూడేళ్లు గడిచిన జాతి, బతుకు కోసం చేసిన యుద్ధంలో ఎదుటివారి నష్టాన్ని ముందుగా తలచుకోలేదని తప్పుపట్టడం న్యాయమేనా? పైగా చాలామంది యుద్ధభయంతో తామే వెళ్లిపోయారు కదా.

పాతపుస్తకం

విజయవిహారి గారు చెప్పిన సంఘటనల్లో ఒక్కటి కూడా కాదనను. ఎటొచ్చీ, చివరి వాక్యం దగ్గర ఆగుదాం, ఎందుకంటే ఈ చర్చ ముడి అక్కడే ఉంది.

భయంతో వెళ్లినవారు చాలామంది ఉన్నారు. ఆ భయం ఎక్కడ నుంచి వచ్చిందన్నది ప్రశ్న. 1948 ఏప్రిల్ 9న ఇర్గున్, లెహీ అనే యూదు సాయుధ దళాలు దేర్ యాసీన్ అనే ఊళ్లో స్త్రీలు, పిల్లలతో సహా వందమందికి పైగా చంపిన వార్త ఊరూరా పాకింది. జులైలో లిద్దా, రమ్లె పట్టణాల నుంచి యాభై వేలకు పైగా ప్రజలను ఆజ్ఞ ఇచ్చి మరీ ఎండలో నడిపించారు. ఆ ఆజ్ఞ మీద సంతకం చేసినవాడు ఇట్జాక్ రబీన్. 1979లో ఆయన ఆత్మకథలో ఆ ఘట్టాన్ని రాసుకుంటే, మాజీ ప్రధాని రాసినదని కూడా చూడకుండా ప్రభుత్వ పరిశీలక సంఘం తీసివేయించింది. అదే సంవత్సరం అది న్యూయార్క్ టైమ్స్‌లో బయటకు వచ్చింది. చేసినవాడు చెప్తానన్నాడు, రాజ్యం వద్దన్నది.

యూదుల ప్రధాన సాయుధ దళమైన హగానా గూఢచార విభాగం 1948 జూన్ నెలాఖరున తయారుచేసిన నివేదిక ఒకటి ఉంది. అప్పటివరకు ఊళ్లు విడిచినవారిలో సుమారు 70 శాతం మంది కదలికకు యూదు సైనిక దళాల చర్యలే కారణమని అందులో వారే లెక్కగట్టారు. చరిత్రకారులు 1980లలోనే చూసి ఉటంకించిన కాగితం అది. తరువాత రక్షణశాఖ భద్రతా విభాగం మనుషులు భాండాగారాలకు వెళ్లి, అప్పటికే తెరిచిన ఇటువంటి కాగితాలను మళ్లీ బీరువాల్లో పెట్టి తాళం వేశారని 2019లో హారెట్జ్ పత్రిక, అకెవోత్ అనే పరిశోధన సంస్థ బయటపెట్టాయి. అచ్చయిపోయిన విషయాన్ని తిరిగి దాచడంలో ప్రయోజనం ఏమిటంటే, కాగితం కనబడకపోతే దానిని ఉటంకించిన చరిత్రకారుడి మాట మీద అనుమానం పుట్టించవచ్చు. మరపు తనంతట వచ్చేదైతే దానికి ఇంత సిబ్బంది అవసరం లేదు.

ఇందూరువాసి

నేను పుస్తకాలు చదివినవాడిని కాను. మా నిజామాబాద్ జిల్లా నుంచి చాలామంది వెళ్లినట్టే నేనూ ముసలివారిని చూసుకునే పని మీద ఇజ్రాయెల్ వెళ్లి, టెల్ అవీవ్ దగ్గర కొన్నేళ్లు ఉండి వచ్చాను. నేను చూసుకున్న పెద్దాయన మంచివాడు. ఆ కుటుంబం నన్ను పండుగ భోజనాలకు తమ బల్ల దగ్గరే కూర్చోబెట్టుకునేది. వారి మీద ఫిర్యాదు చేయడానికి ఇది రాయడం లేదు.

స్వాతంత్ర్య దినం నాడు అక్కడివారు పార్కులకు వెళ్లి బొగ్గుల మీద మాంసం కాల్చుకుంటారు, దానిని 'మంగల్' అంటారు. ఒక ఏడాది మమ్మల్ని కెనడా పార్కు అనే చోటికి తీసుకువెళ్లారు. అత్తిచెట్లు, బాదం చెట్లు, పేర్చిన రాతిగట్లు ఉన్నాయి. రైతు ఇంటి పిల్లవాడిని కాబట్టి, అది అడవి కాదని నాకు వెంటనే తెలిసింది. మనిషి చేయి పడకుండా గట్లు అలా ఉండవు. ఇక్కడ ఎవరు సేద్యం చేసేవారని పెద్దాయనను అడిగాను. కొడుకు, అవి రోమనుల కాలం నాటివని చెప్పాడు. పెద్దాయన మాత్రం కొంచెం సేపటికి నా వైపు తిరిగి, 'ఇక్కడ ఊళ్లు ఉండేవి' అన్నాడు. ఎప్పుడు అని అడిగేలోపు కోడలు పళ్లెం తెచ్చి ఇచ్చింది. అంతే, ఆ మాట మళ్లీ రాలేదు. చక్రాల కుర్చీని కారు దాకా తోసుకు వస్తున్నప్పుడు కూడా నేను అడగలేదు. పనివాడిని, అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

గోదారిగట్టు

ఇందూరువాసి గారూ, మీరు చూసిన గట్లు ఇమ్వాస్, యాలూ అనే ఊళ్లవి. అవి 1948లో కాదు, 1967 జూన్ యుద్ధంలో ఖాళీ చేయించి కూల్చినవి. అదే యుద్ధంలో అలా పోయిన మూడవ ఊరు బేత్ నూబా. రోమను కాలపు స్నానశాల అక్కడ నిజంగానే ఉంది, కాబట్టి కొడుకు అబద్ధం చెప్పలేదు. పార్కులోని పలకలు ఆయనకు ఆ సంగతి ఒక్కటే నేర్పాయి.

ఆ ఊళ్ల పేర్లు రాసిన పలకలు పెట్టాలని జోఖ్రోత్ అనే సంస్థ హైకోర్టు దాకా వెళ్లింది. పలకలు పెట్టిన కొద్దికాలానికే ఒకటి మాయమైంది, మరొకదాని మీద రంగు పూశారు. జోఖ్రోత్ 2002లో పుట్టింది. దాని సభ్యుల్లో ఎక్కువమంది ఇజ్రాయెలీ యూదులే. హీబ్రూలో ఆ పేరుకు 'గుర్తుచేసుకునే స్త్రీలు' అని అర్థం. జాతీయ స్మారకాల మీద కనబడే పురుషలింగ రూపానికి భిన్నంగా స్త్రీలింగాన్ని కావాలనే ఎంచుకున్నారు. కూలిన ఊళ్లకు జనాన్ని నడిపించడం, అక్కడ పుట్టినవారి చేత మాట్లాడించడం, ఊరి పేరు రాసిన పలక పాతడం వారి పని. శరణార్థుల తిరిగివచ్చే హక్కును కూడా వారు సమర్థిస్తారు. దేశంలో వారికి మద్దతు అతి స్వల్పంగా ఉండడానికి ఆ రెండవ సంగతే కారణమని నా అంచనా. బాధపడడం వరకు చాలామంది వస్తారు, ఇంటి పత్రాల దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతారు.

వెన్నెలవాకిలి

ఇంటి పత్రాల మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. 1950 నాటి గైర్హాజరీదారుల ఆస్తి చట్టం, వెళ్లిపోయినవారి ఇళ్లను, భూములను ప్రభుత్వ సంరక్షకుడికి అప్పగించింది. దేశం లోపలే ఉండి తమ ఊరు మాత్రం దాటినవారికి 'హాజరులో ఉన్న గైర్హాజరీదారులు' అనే విడ్డూరమైన పేరు వచ్చింది. ఆ ఇళ్లలోకి వచ్చింది ఎవరు? హిట్లర్ శిబిరాల నుంచి బయటపడినవారు, తరువాత ఇరాక్, మొరాకోల నుంచి వచ్చినవారు. విజయవిహారి గారు చెప్పిన బాధితులే ఈ ఇళ్లకు తాళంచెవులు అందుకున్నారు. అందువల్ల ఒకరి గాయాన్ని చూపి మరొకరి గాయాన్ని కొట్టివేయడం ఇక్కడ కుదరదు. రెండు గాయాలూ ఒకే గోడల మధ్య ఉన్నాయి.

పోలండ్ నుంచి బతికి వచ్చిన ఒక జంట గురించి చరిత్రకారుడు అలోన్ కన్ఫీనో రాశాడు. 1949లో వారికి జాఫాలో ఒక ఇల్లు చూపించారు. లోపలికి వెళితే బల్ల మీద వెళ్లిపోయినవారి కంచాలు ఇంకా పరచి ఉన్నాయి. తమను తమ ఇంటి నుంచి తరిమిన రోజు వారికి గుర్తుకువచ్చింది. తాళంచెవి తిరిగి ఇచ్చి వచ్చేశారు. అటువంటివారు ఎందరున్నారని అడగకండి, చాలా అరుదు. వేరే పైకప్పు లేనివారు ఆ కంచాలు తీసి కడిగి వాడుకున్నారు, వారిని నిందించే స్థితిలో నేను లేను. కానీ ఆ కంచాల సంగతి తరువాత పిల్లలకు ఎలా చెబుతారు? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు.

దేర్ యాసీన్ విషయం కూడా చూడండి. ఆ ఊరి ఇళ్లలో యూదులను స్థిరపరచవద్దనీ, కొంతకాలమైనా ఆ చోటును ఖాళీగా వదిలిపెట్టమనీ మార్టిన్ బూబర్, మరికొందరు పండితులు 1949లో బెన్-గురియన్‌ను లేఖలో వేడుకున్నారు. వారు కోరింది శిక్ష కాదు, ఒక ఖాళీ మాత్రమే. ఆ కోరిక చెల్లలేదు. మిగిలిన రాతి ఇళ్లలో 1951లో మానసిక వైద్యశాల వెలసింది. అక్కడి నుంచి యూదుల మారణహోమ స్మారకమైన యాద్ వాషెమ్ ఎంతో దూరం లేదు.

చార్మినార్‌నీడ

ఇదంతా చదువుతుంటే మన 1948 గుర్తుకువస్తోంది. సెప్టెంబరులో పోలీసు చర్య తరువాత హైదరాబాద్ సంస్థానపు జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హింసపై పండిట్ సుందర్‌లాల్ సంఘం ఇచ్చిన నివేదిక దశాబ్దాల పాటు అచ్చుకు నోచుకోలేదు. ఆ సంఘం కనీస అంచనా ప్రకారమే మృతులు ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది. రజాకార్ల దురాగతాలు మనందరికీ కంఠస్థం, ఈ రెండవ అధ్యాయం మాత్రం ఎవరి ఇంట్లోనూ వినబడదు. పొరుగువారి మరపును విప్పేటప్పుడు మనది కూడా పక్కన పెట్టుకుంటే మంచిది.

నిర్వాహకుడు

చార్మినార్‌నీడ గారి సూచన విలువైనది, దాని కోసం వేరే చర్చ తెరిచాను, అక్కడ కొనసాగించగలరు. ఇక్కడ దయచేసి ఇజ్రాయెల్ విషయం మీదనే ఉండండి.

విజయవిహారి

వెన్నెలవాకిలి గారి మాటలు ఆలోచింపజేశాయి, ఆ మేరకు నా వాదనను సవరించుకుంటాను. అయినా ఒక సందేహం మిగిలింది. బెన్నీ మోరిస్ పేరు మొదటి వ్యాఖ్యలోనే వచ్చింది. వెళ్లగొట్టుడు జరిగిందని కాగితాలతో నిరూపించిన ఆయనే 2004లో హారెట్జ్‌కు ఇచ్చిన ఇంటర్వ్యూలో, అది లేకుండా ఆ రాజ్యం ఏర్పడేదే కాదని సమర్థించాడు. అంటే వాస్తవం తెలిస్తే మనసు మారుతుందన్న ఆశకే ఆధారం లేదన్నమాట. ఇక జ్ఞాపకాన్ని తవ్వి ప్రయోజనమేమిటి?

పాతపుస్తకం

మీరు పట్టుకున్నది అసలైన చిక్కు. తెలుసుకోవడం, ఒప్పుకోవడం రెండు వేరువేరు పనులు. మోరిస్ మొదటిది చేసి రెండవదాని దగ్గర ఆగాడు. రాజ్యం మాత్రం మొదటిదానికి కూడా జంకుతోంది. 2007లో అరబ్ పిల్లల మూడవ తరగతి వాచకంలో నక్బా అన్న మాటను విద్యామంత్రి యులి తమీర్ అనుమతిస్తే, 2009లో వచ్చిన మంత్రి గిదోన్ సార్ తొలగించాడు. గమనించండి, అది అరబ్బీ పుస్తకం. హీబ్రూ పుస్తకాల్లో ఆ మాట అప్పటికీ లేదు. 2011లో వచ్చిన సవరణ చట్టం ప్రకారం, స్వాతంత్ర్య దినాన్ని శోకదినంగా పాటించే సంస్థలకు ఇచ్చే నిధుల్లో ఆర్థికమంత్రి కోత పెట్టవచ్చు. బడికి, నాటకశాలకు డబ్బు భయం పెడితే వారే నోరు కట్టుకుంటారు. ఎవరినీ జైలులో పెట్టనవసరం లేదు.

ఇప్పుడు చిత్రమేమిటంటే, ఇన్నేళ్లు ఉచ్చరించకూడదన్న ఆ మాటను 2023 నవంబరులో మంత్రి అవి డిఖ్తర్ టెలివిజన్‌లో తానే పలికాడు. గాజాలో జరుగుతున్నది 'గాజా నక్బా' అన్నాడు. ఏమీ జరగలేదన్నవారి నోటనే అదే మళ్లీ జరుగుతోందన్న మాట వచ్చింది. దీనిని జ్ఞాపకం తిరిగి రావడమనే అనాలి, కాకపోతే బెదిరింపు రూపంలో వచ్చింది. ఒప్పుకోలు లేకుండా తెలిసి ఉండడం ఎటు పోతుందో ఇందులో కనబడుతోంది. తవ్వి ప్రయోజనమేమిటన్న మీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇంతే.

మాటవరస

తంతూరా సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1948 మేలో ఆ ఊరు పడిపోయాక లొంగిపోయినవారిని చంపారని 1998లో హైఫా విశ్వవిద్యాలయపు విద్యార్థి టెడ్డీ కాట్జ్ పరిశోధనా పత్రం రాస్తే, మాజీ సైనికులు పరువునష్టం దావా వేశారు, విశ్వవిద్యాలయం ఆ పత్రాన్ని తోసిపుచ్చింది. 2022లో అలోన్ ష్వార్జ్ తీసిన డాక్యుమెంటరీలో తొంభై ఏళ్ల మాజీ సైనికుల్లో కొందరు ఆ హత్యల గురించి కెమెరా ముందు మాట్లాడారు. మృతుల సంఖ్య మీద చరిత్రకారులకు ఇప్పటికీ భేదాభిప్రాయాలున్నాయి. నాకు మాత్రం, ఒకరిద్దరు చెబుతూ చెబుతూ నవ్వడం గుర్తుండిపోయింది. అది సంతోషపు నవ్వు కాదు, ఏ నవ్వో నాకు తెలియలేదు.

వెన్నెలవాకిలి

విజయవిహారి గారి 'యుద్ధం కదా' అన్న వాదనకు ఎక్కడా అందని ఊరు ఒకటి చెప్పి నేను విరమిస్తాను. లెబనాన్ సరిహద్దులోని ఇక్రిత్ క్రైస్తవుల ఊరు. వారు పోరాడలేదు, పారిపోలేదు. 1948 నవంబరులో, రెండు వారాల్లో తిరిగి రావచ్చని చెప్పి సైన్యమే వారిని పంపించింది. తిరిగి రానివ్వకపోతే ఇజ్రాయెల్ సుప్రీంకోర్టుకే వెళ్లారు, 1951 జులైలో తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. ఆ డిసెంబరు 24న, క్రిస్మస్ ముందురోజున, సైన్యం చర్చి ఒక్కటి మినహా ఊరి ఇళ్లన్నీ పేల్చివేసింది. 1972లో యూదు రచయితలు, విద్యావంతులు కూడా వారితో కలిసి వీధుల్లోకి వచ్చినా, గోల్డా మెయిర్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఒక్క ఊరిని రానిస్తే తక్కినవారూ అడుగుతారన్నది భయం.

విజయవిహారి

ఇక్రిత్ గురించి ఇంతకుముందు వినలేదు. వారు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు?

వెన్నెలవాకిలి

ఎక్కువమంది రామే, హైఫా వంటి చోట్ల ఉంటున్నారు. అందరూ ఇజ్రాయెల్ పౌరులే. చర్చిలో ఇప్పటికీ ప్రార్థనలు చేసుకుంటారు, 2012లో ఆ ఊరి యువకులు కొందరు చర్చి పక్కనే మకాం వేశారు. 1970ల నుంచి చనిపోయినవారిని ఊరి శ్మశానంలో పూడ్చుకోనిస్తున్నారు. బతికినవారికి ఇల్లు కట్టుకోవడానికి మాత్రం అనుమతి లేదు.